జాకెట్ల కన్నా ముందు నీళ్లు చూడండి

సంపాదకులకు,

అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా మీ పత్రిక వేసిన వ్యాసం చదివాం. ప్రతి చిన్న పట్టణంలోనూ యువకులతో స్వచ్ఛంద అగ్నిమాపక దళం పెట్టాలనీ, అమెరికాలో ఇలాంటివి వందల ఏళ్లుగా నడుస్తున్నాయనీ, సేవాభావం ఉంటే మన దగ్గరా నడుస్తాయనీ అందులో రాశారు. దళాలు కావాలన్న మాటతో మాకు పేచీ లేదు. మండలానికో ఫైర్ స్టేషన్ లేనిచోట అవి కావలసిందే. సేవాభావం ఉంటే చాలన్నదే తప్పు. అమెరికా పట్టణాల్లో ఆ దళాల చరిత్ర తిరగేస్తే సేవాభావానికి కొరత వచ్చిన సందర్భం పెద్దగా కనబడదు. కొరత వచ్చిందల్లా నీళ్లకు, గొట్టాలకు, వాషర్లకు, ఒక మాట మీద నిలబడటానికి. వర్జీనియా రాష్ట్రంలో, రాజధాని వాషింగ్టన్ పక్కనే పొటోమాక్ నది ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రియా అనే చిన్న నగరాన్ని తీసుకుంటే ఇదంతా ఒక్కచోటే కనిపిస్తుంది. దాని చుట్టుపక్కల ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లో ఇవాళ వేల తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల ఇంటికి మంటలార్పడానికి వచ్చే బండి మీద చాలాచోట్ల ఇప్పటికీ స్వచ్ఛంద కంపెనీ (అక్కడ దళాన్ని కంపెనీ అంటారు) పేరే ఉంటుంది.

ముందు ఫిలడెల్ఫియా నుంచి మొదలుపెట్టాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు 1736 డిసెంబర్ 7న యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నారు. తర్వాత చుట్టుపక్కల పట్టణాలన్నీ దాదాపు ఇదే నమూనాను అందుకున్నాయి. వాళ్లు రాసుకున్న ఒప్పందంలో ఎక్కువ భాగం సామాను గురించి, జరిమానాల గురించే ఉంది. ప్రతి సభ్యుడూ సొంత ఖర్చుతో 2 తోలు బొక్కెనలు, 4 ముతక నారబట్ట సంచులు పెట్టుకోవాలి. ఒక్కో సంచికి కనీసం 4 గజాల బట్ట పట్టాలి, మూతి దగ్గర గుంజితే బిగిసే తాడు ఉండాలి. బొక్కెనలు నీళ్లకు, సంచులు అంటుకున్న ఇంట్లోంచి సామాను దాటించడానికి. దుప్పట్లు, వెండి గిన్నెలు, కాగితాలు కుక్కి తాడు ఒక్క గుంజు గుంజితే మూతి పడిపోతుంది, కిటికీలోంచి కింద ఉన్నవాడికి అందించవచ్చు. సామాను కాపాడే పేరుతో దొంగలు చొరబడకుండా తలుపు దగ్గర ఎవరుండాలో కూడా ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. సభ్యులు 30 మందికి మించకూడదు. ఇంకెవరైనా చేరతామంటే, మీరే మరో కంపెనీ పెట్టుకోండని పంపేవారు. నెలనెలా జరిగే సమావేశానికి రానివాడు జరిమానా కట్టాలి. ఆ చిల్లరతోనే నిచ్చెనలు, కొక్కేలు, చివరికి పంపు ఇంజన్లు కొన్నామని ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే మంటల రోజు కాదు, మంటల్లేని నెలల్లో వచ్చిన డబ్బే ఆ కంపెనీని నిలబెట్టింది.

అలెగ్జాండ్రియాలో తొలి కంపెనీ ఫ్రెండ్‌షిప్, 1774లో ఏర్పడింది. తర్వాత సన్, రిలీఫ్, స్టార్ వంటి కంపెనీలు వచ్చాయి. జార్జి వాషింగ్టన్ ఫ్రెండ్‌షిప్ సభ్యుడనీ, మొదటి ఇంజన్ ఆయనే కొనిచ్చాడనీ ఊళ్లో ఒక కథ ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. పెద్ద పేరు తగిలించుకుంటే చందాలు బాగా వస్తాయి కాబట్టి ఇలాంటి కథ ప్రతి ఊళ్లోనూ పుడుతుంది. నిజమైన చరిత్ర చూడాలంటే సౌత్ ఆల్ఫ్రెడ్ వీధిలో ఆ కంపెనీ 1855లో కట్టుకున్న ఇల్లు ఇవాళ మ్యూజియంగా ఉంది. కింద ఇంజన్ల గది, పైన సమావేశాల గది. 1851లో బాల్టిమోర్‌కు చెందిన జాన్ రోజర్స్ దగ్గర కొన్న చేతి ఇంజన్, అలెగ్జాండ్రియాలోనే 1858లో తయారైన గొట్టాల బండి ఆ కంపెనీ చెప్పుకోదగ్గ ఆస్తులు.

చేతి ఇంజన్ ఎలా పనిచేసేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ దళాల బలమూ బలహీనతా అందులోనే ఉన్నాయి. లండన్‌కు చెందిన రిచర్డ్ న్యూషామ్ 1721, 1725లలో పేటెంట్లు తీసుకున్న పద్ధతే దీనికి ఆధారం. చక్రాల మీద ఒక చెక్క తొట్టి. అందులో రెండు నిలువు సిలిండర్లు, ఒకదానిలో పిస్టన్ దిగుతుంటే రెండోదానిలో లేస్తుంది. రెండూ నీటిని ఒక మూసిన రాగి గదిలోకి తోస్తాయి. ఆ గదిలో పైభాగాన గాలి నిలిచి ఉంటుంది. నీరు లోపలికి వచ్చేకొద్దీ గాలి నొక్కుకుపోయి, తిరిగి నీటిని నెడుతుంది. అందుకే ధార ఆగి ఆగి కాకుండా ఏకధాటిగా వస్తుంది. ఇరువైపులా పొడవాటి చేతికర్రలుంటాయి. పెద్ద ఇంజన్‌కు ఒక్కో వైపు పది నుంచి ఇరవై మంది నిలబడి, నిమిషానికి 60 ఊపుల చొప్పున కొట్టేవారు. ఆ వేగంతోనే కొద్ది నిమిషాలకు భుజాలు పడిపోతాయి. ఆవేశంలో దానికి రెట్టింపు వేగంతో కొడితే రెండు మూడు నిమిషాలకు మించి ఎవరూ నిలవలేరు. కాబట్టి ఒక ఇంజన్‌కు కావలసింది 20 మందో 40 మందో కాదు, వాళ్లను మార్చడానికి వెనక మరో అంతమంది. ఎవరు ఎప్పుడు తప్పుకోవాలో చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. నడుస్తున్న కర్రను పట్టుకోబోయి చేతులు విరగ్గొట్టుకోవడం ఆ రోజుల్లో మామూలు.

ఇక పాడయ్యేది ఎక్కడంటే, పిస్టన్ చుట్టూ ఉండే తోలు వాషర్ల దగ్గర. వాడకుండా నెల రోజులు వదిలేస్తే తోలు ఎండి ముడుచుకుపోతుంది. కర్ర ఎంత కొట్టినా నీరు పక్కల నుంచి జారి కిందికే పోతుంది. పాతబడిన బోరింగు పంపు పైనుంచి చెంబెడు నీళ్లు పోస్తే గానీ ఎలా అందుకోదో ఇదీ అంతే. చలికాలంలో దీనికి ఉల్టా సమస్య. సిలిండర్‌లో కాసిని నీళ్లు మిగిలినా గడ్డకట్టి లోహాన్ని చీల్చేస్తాయి. అందుకని మంటలార్పి వచ్చాక ఇంజన్‌ను పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, తోలుకు కొవ్వు పట్టించేదాకా పని అయిపోయినట్టు కాదు. అర్ధరాత్రి అలసిపోయి వచ్చిన జట్టు ఆ అరగంట పని వదిలేస్తే, ఫలితం తర్వాతి మంటల రోజు బయటపడేది.

గొట్టాలదీ ఇదే కథ. మొదట తోలును దారంతో కుట్టేవారు. ఒత్తిడి పెరగ్గానే కుట్లు ఊడిపోయేవి. 1807 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో కుట్టుకు బదులు రాగి రివిట్లు కొట్టడం మొదలయ్యాకే గొట్టానికి నమ్మకం వచ్చింది. అయితే 50 అడుగుల ముక్కను కలిపే ఇత్తడి కప్లింగులతో సహా ఇద్దరు మోయాల్సినంత బరువుండేది. దాన్ని కడిగి, వేలాడదీసి ఆరబెట్టి, నూనె పట్టించాలి. పాత ఫైర్ స్టేషన్లకు పొడుగాటి గోపురం ఉండేది గంట కోసం మాత్రమే కాదు, గొట్టం నిలువునా వేలాడదీయడానికి కూడా. తడిగా చుట్టిపెట్టిన గొట్టం బూజు పట్టి మెత్తబడుతుంది, చిరుగు కంటికి కనబడదు, నీళ్లు వదిలాకే తెలుస్తుంది. ఇది ఇవాళ్టి నూలు గొట్టాలకూ వర్తిస్తుంది.

మనుషుల తర్వాత నీళ్లు. 1827 జనవరి 18న అలెగ్జాండ్రియాలో ఒక వడ్రంగి కార్ఖానాలో మొదలైన మంటలు 50కి పైగా కట్టడాలను కాల్చేశాయి. అప్పటికి ఆ ఊరు రాజధాని జిల్లాలో భాగం కాబట్టి అమెరికా కాంగ్రెస్ బాధితులకు 20,000 డాలర్లు మంజూరు చేసింది. ఊళ్లో కంపెనీలు ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. అయినా కుళాయి గొట్టాలు లేని ఊళ్లో నది నుంచి, బావుల నుంచి చేతులు మారి వచ్చే బొక్కెనలే దిక్కు. లెక్క వేసి చూడండి. తోలు బొక్కెనకు సుమారు 10 లీటర్లు పడతాయి. మీటరుకో మనిషి చొప్పున నిండు బొక్కెనలకు ఒక వరుస, ఖాళీవి వెనక్కి పంపడానికి మరో వరుస కావాలి. నీళ్లు 100 మీటర్ల దూరంలో ఉంటే 200 మంది. మూడు సెకన్లకో బొక్కెన అందినా నిమిషానికి 200 లీటర్లు, దారిలో ఒలికేది పోగా ఇంకా తక్కువ. ఇవాళ ఒక్క గొట్టం చివర నుంచి నిమిషానికి 400 లీటర్లకు పైనే వస్తుంది. ఊరికి గొట్టాల ద్వారా నీరు 1852లో వచ్చింది, షూటర్స్ హిల్ మీద కట్టిన రిజర్వాయర్ నుంచి. కంపెనీలు పుట్టిన 78 ఏళ్లకు. మా దృష్టిలో ఆ నగర అగ్నిమాపక చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. పెరేడ్లలో అలంకరించిన ఇంజన్ల బొమ్మలే అందరూ చూపిస్తారు గానీ ఆ రిజర్వాయర్ సంగతి ఎవరూ ఎత్తరు.

నది దూరమైతే ఇంజన్లను వరుసగా నిలిపేవారు. మొదటిది నీటి అంచున, అది రెండోదాని తొట్టి నింపుతుంది, రెండోది మూడోదాన్ని. వెనకవాడు కొట్టే వేగాన్ని ముందువాడు అందుకోలేకపోతే తొట్టి పొంగి పొర్లేది. అలా పొర్లించడం వెనకవాడికి గొప్ప, పొర్లించుకోవడం ముందువాడికి పరువు నష్టం. మంట ఎదురుగా ఉండగా రెండు జట్లూ ఒకదాన్నొకటి ఓడించే పనిలో పడేవి. గొట్టాలు పగిలేవి, చేతికర్రలు విరిగేవి. పెద్ద నగరాల్లో ఈ పోటీలు, వీధిలో గొట్టం తగిలించే కుళాయి ఎవరిదన్న తన్నులాటల దాకా వెళ్లాయి. సభ్యత్వం విషయంలో కూడా ఈ కంపెనీల చరిత్ర మచ్చలేనిది కాదు. 1818లో ఫిలడెల్ఫియాలో నల్లజాతి యువకులు సొంతంగా ఫైర్ కంపెనీ పెట్టుకోబోతే తెల్లవాళ్ల కంపెనీలు ఏకమై అడ్డుకున్నాయి. సేవ పేరుతో కట్టిన సంఘం ఎవరినైనా బయట పెట్టగలదు. మన ఊళ్లలో దళాలు కట్టేవాళ్లు ఒక వీధివాళ్లతోనో, ఒక కులంవాళ్లతోనో సరిపెట్టకుండా ఉండాలంటే ఇది గుర్తుండాలి.

1855 నవంబర్‌లో అలెగ్జాండ్రియా కింగ్ వీధిలో ఒక పింగాణీ సామాన్ల దుకాణం అంటుకుంది. ఆర్పుతుండగా గోడ కూలి 7గురు స్వచ్ఛంద సభ్యులు చనిపోయారు. వాళ్ల స్మారక చిహ్నం ఐవీ హిల్ శ్మశానంలో ఉంది. ఇటుక గోడ ఎందుకు కూలుతుందో మన దళాలకు మొదటి పాఠంగా చెప్పాలి. గోడలో దూర్చిన చెక్క దూలం మధ్యలో కాలి విరిగితే, దాని విరిగిన కొన కిందికి దిగుతూ గోడలో ఉన్న కొనను పైకి ఎత్తుతుంది. మీటవేసినట్టు పై వరసల ఇటుకలను బయటికి తోస్తుంది. అందుకే తర్వాతి రోజుల్లో దూలం కొనను ఏటవాలుగా కోసి గోడలో పెట్టడం అలవాటైంది. అప్పుడది విరిగినా గోడను తిప్పకుండా జారి పడిపోతుంది. మన పాత బజార్లలో టేకు దూలాలు, మట్టి ఇటుకలు ఉన్న మిద్దెల్లో ఇలా కోసినవి అరుదు. కాబట్టి గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలోకి ఎవరూ పోకూడదు. 6 మీటర్ల గోడ అయితే 9 మీటర్లు. నిలబడాల్సి వస్తే కట్టడం మూలకు ఎదురుగా, ఎందుకంటే గోడలు మూలవైపు కూలడం తక్కువ.

అమెరికా అంతర్యుద్ధంలో 1861 మే 24న ఉత్తరాది సేన నగరాన్ని పట్టుకుంది. యువకుల్లో చాలామంది అప్పటికే దక్షిణాది సైన్యంలో ఉన్నారు. యుద్ధం ముగిశాక 1866లో నగర పాలకులు కంపెనీలను తమ అజమాయిషీలోకి తెచ్చుకున్నారు. ఫ్రెండ్‌షిప్ వంటివి క్రమంగా ఉత్సవాల సంఘాలయ్యాయి. 

ఈ మార్పుకు రాజకీయం కన్నా ఆవిరే అసలు కారణం. సిన్సినాటి 1853లో ఆవిరి ఇంజన్లతో జీతగాళ్ల విభాగం పెట్టింది. న్యూయార్క్ 1865లో, ఫిలడెల్ఫియా 1871లో ఆ దారి పట్టాయి. ఆవిరి ఇంజన్‌కు 40 మంది భుజాలు అక్కర్లేదు, ముగ్గురు నలుగురు చాలు. కానీ ఆ ముగ్గురూ ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. బాయిలర్‌లో నీరు ఎప్పుడూ వేడిగా ఉంచితేనే కబురు రాగానే కొద్ది నిమిషాల్లో ఆవిరి అందుతుంది. గుర్రాలకు రోజూ మేత, మాలీసు కావాలి. దుకాణం కట్టేసి పరుగెత్తుకొచ్చే సభ్యుడు ఇవి చేయలేడు. అందుకే చిన్న పట్టణాలు మధ్యేమార్గం పట్టాయి. గుర్రాలు, బాయిలర్ చూసేందుకు ఒకరిద్దరికి జీతమిచ్చి, మిగతా పనికి సభ్యులను ఉంచుకున్నాయి. జీతగాళ్లు, స్వచ్ఛంద సభ్యులు కలిసి పనిచేసే నేటి పద్ధతి ఇందులోంచి వచ్చిందే. ఇప్పటికీ అమెరికా ఫైర్ సిబ్బందిలో సుమారు మూడింట రెండొంతులు స్వచ్ఛంద సభ్యులే. అయితే 1984లో దాదాపు 9 లక్షలున్న వాళ్లు 2020 నాటికి 6.8 లక్షల దగ్గరికి తగ్గిపోయారు. జీతగాళ్లకిచ్చే శిక్షణే వాళ్లకూ తప్పనిసరి కావడం, ఉద్యోగం ఊరికి దూరం కావడం, పిలుపుల్లో ఎక్కువ భాగం అంబులెన్సు పనే కావడం దీనికి కారణాలు. విధిలో చనిపోతే కుటుంబానికి పరిహారమిచ్చే 1976 నాటి ఫెడరల్ చట్టం మాత్రం స్వచ్ఛంద సభ్యుడికీ జీతగాడికీ తేడా చూపదు.

అలెగ్జాండ్రియాకు దగ్గర్లోని బాల్టిమోర్‌లో 1904 ఫిబ్రవరిలో జరిగినది కూడా చెప్పాలి. వాషింగ్టన్, ఫిలడెల్ఫియాల నుంచి ఇంజన్లు రైళ్లలో వచ్చి దిగాయి. వాళ్ల గొట్టాల మరలు బాల్టిమోర్ వీధి కుళాయిలకు పట్టలేదు. 1,500కు పైగా కట్టడాలు కాలిపోయాయి. అమెరికాలో కప్లింగులకు జాతీయ ప్రమాణం కోసం గట్టి ప్రయత్నం ఆ తర్వాతే మొదలైంది. మనకు ఆ బాధ లేదు, ఐఎస్ 903 అనే భారతీయ ప్రమాణం ప్రకారం 63 మి.మీ. కప్లింగ్ దేశమంతా ఒకటే, తోసి బిగించడమే. మన అపార్ట్‌మెంట్లలో, మార్కెట్ యార్డుల్లో పాడయ్యేది దాని లోపలి రబ్బరు వాషర్. ఎండకు పగిలిపోయి ఉంటుంది లేదా అసలు ఉండదు. ఇక పంపు ప్యానెల్ మీద మీట ఆటోకు బదులు ఆఫ్‌లో ఉంటుంది, సంపు అడుగంటి ఉంటుంది.

కాబట్టి మన పట్టణాల దళాలకు మేం కోరేవి ఇవి. మొదట వార్డుకో నీటి పటం గీయండి. చెరువు, బావి, ఓవర్‌హెడ్ ట్యాంకు, రైస్‌మిల్లు తొట్టి ఎక్కడున్నాయో, ఎండాకాలంలో నీటి మట్టం ఎంత లోతుకు పోతుందో, ట్యాంకరు అక్కడికి వెళ్లగలదో రాయండి. ఏ పంపైనా లెక్క ప్రకారం 10 మీటర్ల లోతు నుంచే పీల్చగలదు, నిజంగా అందుకునేది 7 మీటర్ల చిల్లర. నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం జాయింటు గాలి తాగితే అదీ అందదు. మే నెలలో 9 మీటర్లకు దిగిపోయే బావిని పటంలో పెట్టి ప్రయోజనం లేదు. పోర్టబుల్ పంపు ఇస్తే నెలకోసారి నిజంగా నీళ్లు పీల్పించి, 10 నిమిషాలు నడిపి, తేదీ రాసి సంతకం పెట్టాలి. రాని సభ్యుడికి 50 రూపాయలైనా జరిమానా ఉండాలి, ఆ డబ్బు వాషర్లకే పోవాలి. దళంలో 30 మందికి మించొద్దు. పగలు ఊళ్లోనే ఉండేవాళ్లను, అంటే దుకాణదారులను, మెకానిక్‌లను, ఆటో డ్రైవర్లను ముందు చేర్చండి. సాయంత్రానికి గానీ తిరిగిరాని ఉద్యోగులు మధ్యాహ్నం రెండింటికి అంటుకున్న పాకను ఆర్పలేరు. దళం మొదటి పని 101కు ఫోన్ చేయడం, జనాన్ని బయటికి తేవడం, బండి వచ్చేదాకా సందు మొదట్లో బైకులు తీయించి దారి ఖాళీగా ఉంచడం, కరెంటు వాళ్లకు కబురు చేసి సరఫరా ఆపించడం, పక్క పాక కప్పు తడపడం. శ్వాస పరికరాలు లేనివాళ్లు పొగ నిండిన గదిలోకి అడుగు పెట్టకూడదు, ఎవరు ఎంత బతిమాలినా.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి చనిపోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో మనం ఈ వారోత్సవాలు జరుపుకుంటాం. వచ్చే ఏడు ఆ వారంలో మీ జిల్లా విలేకరులను ఊరి మున్సిపల్ ఆఫీసుకు పంపండి. ఎన్ని జాకెట్లు పంచారని కాకుండా, పంపు చివరిసారి ఏ తేదీన నడిపారో రిజిస్టరు చూపించమని అడగమనండి. స్వచ్ఛంద సభ్యుడికి గాయమైతే ఆసుపత్రి ఖర్చు ఎవరు భరిస్తారో, మరణిస్తే కుటుంబానికి ఎంత ఇస్తారో రాతపూర్వక ఉత్తర్వు ఉంటే దాని నకలు తీసుకోమనండి. ఉత్తర్వు లేకపోతే ఆ సంగతే మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఉత్తర వర్జీనియాలో ఉంటున్న మీ పాఠకులు